రిటైరైన డబ్బుని డీజిల్‌లో పొయ్యకండి

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా. తీరిక లేనివాళ్ళు చివరి రెండు పేరాలు చదివి ఆదివారం మీటింగుకి రండి. తీరిక ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఒకటి రెండేళ్ళలో రిటైరవ్వబోతున్నవాళ్ళు, మొత్తం చదవండి. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని చదివితే ఇంకా మంచిది.

విషయం మీకు తెలిసిందే. నెల రోజులుగా మన గ్రూపులో ఒకటే మాట: "డబుల్ క్యాబ్ డీజిల్ ట్రక్కు కొందాం, వెనకాల కారవాన్ తగిలిద్దాం, కాశ్మీరం దాకా పోదాం." ఇప్పటికి ఏడుగురు పేర్లిచ్చారు. ఏడుగురూ ఒకేసారి బుక్ చేస్తే డిస్కౌంటు ఇస్తానని ఒక డీలరు అన్నాడట. ఆయనకి మన హాలు ఒక పూట ఉచితంగా ఇవ్వాలని, గేటు ముందర బండి నిలబెట్టుకోనివ్వాలని ఆదివారం కమిటీ ముందుకి తీర్మానం వస్తోంది. నేను దానికి వ్యతిరేకంగా చెయ్యెత్తుతాను. ఎందుకు ఎత్తుతానో ముందే అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి. 2021లో నేను రిటైరయ్యాను. పీఎఫ్, గ్రాట్యుటీ చేతికొచ్చిన మూడో నెలలో ఏడు సీట్ల డీజిల్ బండి కొన్నాను. ఇంట్లో ఉండేది ఇద్దరం. ఏడు సీట్లు ఎందుకని మా ఆవిడ అడిగితే "పిల్లలొస్తే?" అన్నాను. పిల్లలు మూడేళ్ళలో రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ ఫోన్లో క్యాబ్ బుక్ చేసుకుని తిరిగారు, "నాన్నా, మీ బండికి పార్కింగు దొరకదు" అని.

మిగతా రోజుల్లో ఆ బండి ఎక్కడికి పోయింది? పాల బూతుకి, గుడికి, క్లినిక్కుకి, మన సంఘం ఆఫీసుకి. ఒక్కో ట్రిప్పు రెండు మూడు కిలోమీటర్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్6 నిబంధన వచ్చింది. అప్పటినుంచి ఇలాంటి డీజిల్ బండ్లకి పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది తనంతట తానే కాల్చుకోవాలి. దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా కాసేపు మంచి వేగంతో పోవాలి. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర అది జరగదు. ఇంజను వేడెక్కేలోపు నా గుడి వచ్చేసేది. దీపం వెలిగింది. గుళ్ళో దీపం కాదు, డ్యాష్‌బోర్డు మీద దీపం. సర్వీసువాళ్ళని అడిగితే "సార్, వారానికోసారి హైవే మీద అరగంట తోలండి" అన్నారు.

అట్లా రెండేళ్ళు ప్రతి ఆదివారం పొద్దున తుమకూరు రోడ్డెక్కి, నెలమంగల దాటి, వెనక్కి తిరిగి వచ్చేవాణ్ణి. దేవుడి కోసం కాదు, చుట్టాల కోసం కాదు, ఫిల్టరు కోసం. టోలు కట్టి, డీజిల్ కాల్చి, మసి వదిలించుకుని ఇంటికొచ్చి ఇడ్లీ తినేవాణ్ణి. మూడో ఏట అమ్మేశాను. ఎంత నష్టమో ఇక్కడ రాయను, మా ఆవిడ కూడా ఈ గ్రూపులో ఉంది.

కాబట్టి ఇది ఎవరినో ఎగతాళి చెయ్యడానికి రాస్తున్నది కాదు. కాలిన చేతులతో రాస్తున్నది.

ఈ ట్రక్కు, కారవాన్ ఆలోచన ఎక్కడ పుట్టిందో కూడా మనకి తెలుసు. పిల్లలు అమెరికాలో ఉన్నారు, మనం ఆరేసి నెలలు పోయి వస్తున్నాం. అక్కడ మనకంటే పెద్దవయసు తెల్లవాళ్ళు పెద్ద ట్రక్కుకి ఇల్లంత ట్రైలరు తగిలించుకుని, మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఊళ్ళు తిరుగుతుంటారు. నేనూ చూశాను, నాకూ కడుపులో కదిలింది. మన బతుకంతా స్కూలు ఫీజులు, సైటు వాయిదాలు, పెళ్ళిళ్ళు. వీళ్ళని చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది. ఆ కోరికని నేను తప్పు పట్టను.

కానీ అక్కడ నడిచేది ఒక్క ట్రక్కు వల్ల కాదు. దాని వెనక ఒక ఏర్పాటు మొత్తం ఉంది. ప్రతి వంద మైళ్ళకీ ట్రైలరు నిలుపుకునే మైదానాలుంటాయి. నిలిపిన చోటే 30 లేక 50 ఆంపియర్ల కరెంటు పాయింటు, నీళ్ళ కొళాయి, మరుగునీరు వదిలే గొట్టం ఉంటాయి. 62 ఏళ్ళు నిండిన పౌరులకి, శాశ్వత నివాసులకి 80 డాలర్లకే జాతీయ పార్కులన్నిటికీ జీవితకాల పాసు దొరుకుతుంది. చాలామంది ఉన్న ఇల్లు అమ్మేసి ఆ ట్రైలరునే ఇల్లు చేసుకుంటారు. అంటే వాళ్ళు ఇంటి బదులు కొంటున్నారు. మనం ఇల్లుండగా, ఇంటికి తోడు కొంటున్నాం.

అక్కడ కూడా లెక్క తెలియక మునిగేవాళ్ళు ఉన్నారు. ట్రక్కు ఎంత బరువు లాగుతుందో కంపెనీవాళ్ళు పెద్ద అక్షరాలతో రాస్తారు. ఎంత బరువు మోస్తుందో డ్రైవరు తలుపు అంచున చిన్న స్టిక్కరు మీద ఉంటుంది. రెండూ ఒకటి కాదు. పెద్ద ట్రైలర్లలో 'ఫిఫ్త్ వీల్' అనే రకం ఉంది, దాని ముందు భాగం ట్రక్కు తొట్టిలో కూర్చుంటుంది. ట్రైలరు బరువులో 20 నుంచి 25 శాతం ట్రక్కు వీపు మీదే పడుతుంది. ట్రైలరు అయిదున్నర టన్నులైతే 1100 కిలోల నుంచి 1375 కిలోల దాకా ట్రక్కు మొయ్యాలి. దాని మీద మీరు, మీ ఆవిడ, సామాను. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజను కంటే బరువు కాబట్టి, మొత్తం బరువు పరిమితి ఒకటే అయినప్పుడు, ట్రక్కు మోసే శక్తి ఆ మేరకి తగ్గుతుంది కూడా. డీజిల్ బలం కొండ ఎక్కేటప్పుడు, అంతకంటే ముఖ్యంగా దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకుతో ఉపయోగపడుతుంది. అందుకే బరువు లాగేవాడు అక్కడ డీజిల్ కొంటాడు, ఆ పని ఏడాదిలో నెలల తరబడి చేస్తాడు. అది పనిముట్టు. మన గ్రూపులో దాన్ని పటం కట్టి పూజిస్తున్నారు.

ఇప్పుడు ఆ పటాన్ని మన బెంగళూరు వీధిలోకి దించి చూడండి. ఇక్కడ దొరికే హైలక్స్, వీ-క్రాస్ లాంటి డబుల్ క్యాబ్ పికప్పులు ఒక్కోటి సుమారు 5.3 మీటర్ల పొడుగు. వెనక అయిదు మీటర్ల చిన్న కారవాన్ తగిలిస్తే పది మీటర్లు దాటింది, అంటే 34 అడుగులు. మనలో ఎక్కువమందివి తర్టీ ఫార్టీ సైట్లు. ఆ 40 అడుగుల్లో ఇల్లుంది, సంపుంది, తులసికోట ఉంది. ఇంత బండిని ఎక్కడ పెడతారు? పక్కింటాయన గేటుకి అడ్డంగానా? కారు నిలిపే చోటు కోసం మన వీధుల్లో జరిగే గొడవలు నేను కొత్తగా చెప్పాలా?

మన మోటారు వాహనాల చట్టం ట్రైలరుని కూడా మోటారు వాహనంగానే లెక్కేస్తుంది. దానికి వేరే రిజిస్ట్రేషను, వేరే కాగితాలు. సరే, అవన్నీ చేయించారనుకుందాం. సత్యమంగలం పోయే దారిలో దింబం ఘాటు ఉంది, 27 హెయిర్‌పిన్ మలుపులు. ఎదురుగా చెరుకు లారీ వస్తుంటే, పది మీటర్ల బండిని 62 ఏళ్ళ వయసులో రివర్సు చెయ్యాలి. ట్రైలరు తగిలించిన బండి రివర్సు చేసేటప్పుడు స్టీరింగు ఒకవైపు తిప్పితే ట్రైలరు రెండోవైపు పోతుంది. ఇది మన ఏడుగురిలో ఎంతమంది ఒక్కసారైనా చేసి చూశారు? రాత్రి ఎక్కడ నిలుపుతారు? మరుగునీరు ఎక్కడ వదులుతారు? పెట్రోలు బంకు వెనకాలా?

ఇక డబ్బు. ఇక్కడ కాగితం, పెన్సిలు తీసుకోండి.

బండి ధర 30 లక్షలు అనుకుందాం. కర్ణాటకలో 20 లక్షలు దాటిన సొంత కారుకి జీవితకాల పన్ను 18 శాతం, దానిమీద మళ్ళీ సెస్సు. అంటే ధరలో అయిదో వంతు దగ్గర దగ్గర ప్రభుత్వానికి. ఆరు లక్షలు అక్కడే పోయాయి. ఇన్సూరెన్సు వేరే. కారవాన్ ఇంకా లెక్కలోకి రాలేదు.

ఈ పన్ను తప్పించుకోవడానికి గ్రూపులో ఒక మహానుభావుడు సలహా ఇచ్చాడు: "యానాంలో మా బావమరిది ఉన్నాడు, ఆ అడ్రసు మీద పుదుచ్చేరి రిజిస్ట్రేషను చేయించుకుందాం." అయ్యా, ఇతర రాష్ట్రపు బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరుకి మార్చుకోవాలని చట్టంలోనే ఉంది. ఇక్కడ ఉంటూ యానాంలో ఉన్నట్టు కాగితం రాసివ్వడం అబద్ధం. నలభయ్యేళ్ళు మచ్చ లేకుండా ఉద్యోగం చేసి, అరవయ్యో ఏట ఒక బండి కోసం అబద్ధపు అడ్రసా? యానాం మన తెలుగువాళ్ళ ఊరు. ఆ ఊరి పేరు మన నంబరు ప్లేటు దొంగతనానికి వాడుకోవద్దు.

ఇప్పుడు అసలు లెక్క. ఆ 30 లక్షలు బండిలో పెట్టకుండా పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో పెట్టారనుకోండి. 2023 ఏప్రిల్‌లో ఆ స్కీము పరిమితిని 30 లక్షలకి పెంచారు, అప్పుడే వడ్డీ 8.2 శాతం అయింది. ఆ లెక్కన ఏడాదికి 2,46,000 రూపాయలు. మూడు నెలలకోసారి 61,500. నెలకి పంచితే 20,500. పన్ను వర్తించేవాళ్ళు అది తీసేసి చూసుకోండి. బండి షెడ్డులో కదలకుండా నిలబడి ఉన్నా నెలకి ఇరవై వేల అయిదొందలు తింటున్నట్టే. డీజిల్ ఇంకా పొయ్యలేదు. యాడ్‌బ్లూ ఇంకా పొయ్యలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ 30 లక్షలు పోస్టాఫీసులో 30 లక్షలుగానే ఉంటాయి. బండి ఎంతకి పోతుందో పాత బండ్ల బజారులో మీరే అడగండి.

ఆ వడ్డీతో ఏం చెయ్యొచ్చో చూడండి. డ్రైవరుతో సహా ఇన్నోవా అద్దెకి కిలోమీటరు 20 రూపాయలు అనుకుందాం. పదివేల కిలోమీటర్లకి రెండు లక్షలు. డ్రైవరు బత్తాకి, టోళ్ళకి ఇంకా 46 వేలు మిగిలింది. పదివేల కిలోమీటర్లంటే ఇక్కడినుంచి తిరుపతికి దగ్గర దగ్గర ఇరవై సార్లు పోయి రావడం. ప్రతి ఏడూ. అసలు ముట్టకుండా. వెనక సీట్లో కూర్చుని, కిటికీలోంచి చూస్తూ, మీ ఆవిడతో మాట్లాడుతూ. సొంత బండి తోలేవాడు రోడ్డు చూస్తాడు. ఊరు ఎక్కడ చూస్తాడు?

"లోను తీసుకుంటాం, డబ్బు కదిలించం" అని ఏడుగురిలో ఇద్దరు అంటున్నారు. ఏడేళ్ళ లోను. యాభై అయిదు దాటిన తర్వాత మన డ్రైవింగ్ లైసెన్సు ఎన్నేళ్ళకి ఇస్తారు? అయిదేళ్ళకి. అయిదేళ్ళకోసారి డాక్టరు సర్టిఫికెట్టుతో మళ్ళీ రెన్యూ చేయించుకోవాలి. అంటే మీ లోనుకి ఉన్నంత ఆయుష్షు మీ లైసెన్సుకి లేదు. కంటిలో శుక్లం, మోకాలు, షుగరు, ఏదో ఒకటి అడ్డుపడితే బండి తోలే హక్కు పోతుంది, వాయిదా కట్టే బాధ్యత మాత్రం పోదు.

ఇంకో మాట, ఇది మగవాళ్ళకి నచ్చదు. మన సంఘంలో చాలామంది ఫ్యాక్టరీల్లో, కంపెనీల్లో చేసి రిటైరైనవాళ్ళం. మనకి వచ్చేది ఈపీఎస్-95 పింఛను. అది నెలకి ఏడున్నర వేలు దాటేవాళ్ళు మనలో అరుదు. మనం పోతే మన ఆవిడకి అందులో సగం. మిగతా ఆధారమంతా ఈ పీఎఫ్, గ్రాట్యుటీ మొత్తమే. అది నా జీతంలోంచి పోగైందని మనం అంటాం. నిజమే. ఆ జీతంలో ఇల్లు నడిపి, పాత చీరలు కట్టి, బంగారం కుదువ పెట్టి, మిగిల్చింది ఎవరు? ఏడుగురి ఇళ్ళలో ఈ బండి గురించి ఆడవాళ్ళని ఎవరైనా అడిగారా? నేను అడిగాను, ముగ్గురు అక్కయ్యలని. ఒకావిడ అన్న మాట ఇది: "ఆయనకి దారిలో ఏమన్నా అయితే ఆ బండిని నేను పక్కకి కూడా తీయలేను సార్." ఈ మాటకి మన గ్రూపులో ఎవరిదగ్గరైనా జవాబుంటే రాయండి. మిగతా లెక్కలన్నీ వదిలేస్తాను.

నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు. "చచ్చేటప్పుడు డబ్బు మూటగట్టుకుని పోతామా?" పోము. మనం పోయాక ఉండేవాళ్ళ గురించే నేను మాట్లాడుతున్నాను. "పెద్ద బండి అయితే సేఫ్." నిద్ర పట్టే వయసులో, రాత్రి ఎదురు లైట్లు కంట్లో కొట్టే వయసులో, అందరికంటే సేఫ్ బండి వేరేవాడు తోలేది. "జీవితమంతా పిల్లల కోసం బతికాం, ఇప్పుడైనా మా కోసం బతకొద్దా?" దీనికి మాత్రం నేను తలవంచుతాను. బతకాలి. తిరగాలి. కాశీ చూడాలి, కాశ్మీరం చూడాలి. కానీ తిరగడం వేరు, ట్రక్కు వేరు. ట్రక్కు కొన్నవాడు ట్రక్కుకి కాపలా ఉంటాడు. ఆ సంగతి తుమకూరు రోడ్డుకి తెలుసు, నాకు తెలుసు.

ఈ బండి కొనాల్సినవాళ్ళు లేరని అనను. మన సభ్యుల్లో ఒకాయనకి శ్రీనివాసపురంలో మామిడి తోట ఉంది. వారం వారం పోతాడు, ఎరువు తీసుకుపోతాడు, కాయలు వేసుకొస్తాడు. వారంలో రెండు వందల కిలోమీటర్లు హైవే మీద బరువుతో తిరుగుతుంది ఆయన బండి. ఆయనకి డీజిల్ పికప్పు న్యాయం. ఫిల్టరు దానంతటదే కాలుతుంది, తొట్టి దానంతటదే నిండుతుంది. ఆయన ఈ ఏడుగురి జాబితాలో లేడు, గమనించండి. అవసరమున్నవాడు ఎప్పుడో సెకండ్ హ్యాండులో కొనేసుకున్నాడు.

కారవానే కావాలంటే అద్దెకి తీసుకోండి. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటకం మొదలుపెట్టింది, మహారాష్ట్ర కూడా ఆ ఏడే విధానం తెచ్చింది. మన ఊళ్ళో కూడా క్యాంపర్ వ్యానులు అద్దెకిస్తున్నారు. పది రోజులు తీసుకోండి. అందులో వండండి, పడుకోండి, వానలో ఒక రాత్రి గడపండి, టాయిలెట్టు ట్యాంకు మీ చేత్తో ఖాళీ చెయ్యండి. తిరిగొచ్చాక మీ ఆవిడ "ఇంకోసారి పోదాం" అంటే అప్పుడు కొనే మాట మాట్లాడుకుందాం. నేనే మీతో షోరూముకి వస్తాను.

ఇప్పుడు ఆదివారం సంగతి. ఎవరి డబ్బుతో వాళ్ళు ఏం కొనుక్కుంటారో సంఘానికి సంబంధం లేదు. కానీ మన తాతలు చందాలేసుకుని కట్టుకున్న హాలు, తెలుగు మాట వినపడాలని కట్టిన హాలు, ఒక డీలరుకి సంతగా ఇవ్వడానికి సంఘానికి సంబంధం ఉంది. "సంఘంవాళ్ళే చెప్పారు కదా" అని రేపు ఎనిమిదో ఆయన, తొమ్మిదో ఆయన కొంటారు. ఆ పాపంలో మన పేరు ఉండకూడదు. తీర్మానం ఓడించమని కోరుతున్నాను.

ఓడించి ఊరుకోవద్దు. దాని బదులు రెండు తీర్మానాలు నేను పెడుతున్నాను. ఒకటి: రైళ్ళలో అరవై దాటిన మగవాళ్ళకి 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్ళకి 50 శాతం ఉండిన రాయితీ 2020 మార్చిలో ఆపేశారు. ట్రక్కు డిస్కౌంటు కోసం ఏడుగురు ఒక్కటయ్యారు కదా, ఈ రాయితీ కోసం మూడొందల మందిమి సంతకాలు పెట్టి మన ఎంపీకి ఇద్దాం. సోలాపూరు, బరంపురం, హోసూరు, యానాం సంఘాలవాళ్ళు ఈ పోస్టు చదువుతుంటారు, మీరూ మీ ఎంపీలకి ఇవ్వండి. రెండు: సంక్రాంతి తర్వాత సంఘం తరఫున ఒక బస్సు అద్దెకి తీసుకుని, డ్రైవరుని పెట్టుకుని, పది రోజులు తిరిగొద్దాం. ఆ ఏడుగురికీ ముందు సీట్లు. ఆదివారం పొద్దున పది గంటలకి హాల్లో కలుద్దాం. భార్యలని కూడా తీసుకురండి, ఓటు వాళ్ళకీ ఉంది.